గృహారోగ్యము: పైత్యమని పేరు పెట్టిన తలనొప్పి

వేసవి దప్పిని గూర్చి మేము వ్రాసిన పిమ్మట మాకు వచ్చిన జాబులలో మూడింటియందు ఒక్క ప్రశ్నయే కనబడినది. “నెలకు నాలుగైదు మారులు తల పగిలిపోవునట్లు నొప్పి వచ్చును. దానితోడనే కడుపులో వికారము, త్రేనుపులు, తుదకు వాంతి. ఇది తలజబ్బా, కడుపుజబ్బా? దేనికి మందు పుచ్చుకొనవలెను?” ఇదియే ఆ ప్రశ్న. అడిగిన వారిలో ఒకరు బొబ్బిలి వారు, ఒకరు నరసన్నపేట వారు, ఒకరు సోంపేట వారు. ఊళ్ళు వేరైనను వ్యథ యొక్కటియే. ఈ వ్యథను మేమును పదునాలుగేండ్లు అనుభవించితిమి గనుక, చదివి తెలిసికొన్న దానికి పడి తెలిసికొన్న దానిని జోడించి ఈ నెల దీనినే వ్రాయుచున్నాము.

మన విజయనగరము, శ్రీకాకుళము సీమలలో పెద్దలు దీనికి పెట్టిన పేరు పైత్యము. నేటి పడుచులు ఆ మాట మాని “గ్యాసు పట్టినది” అనుచున్నారు. పేరు మారినది గాని తలంపు మారలేదు. కడుపు చెడి, దాని వేడి తలకెక్కినదని భావము. ఇట్లు తలచుటకు కారణము లేకపోలేదు. నొప్పి ముదిరిన పిమ్మట పచ్చని చేదు పసరు వాంతియగును. వాంతియైన కొంత సేపటికి తల తేలికపడి నిద్ర పట్టును. కన్నులార చూచినవారు “లోపలి పైత్యము వెడలినది, తల తేరినది” అని నమ్ముట సహజమే. కాని కడపట కనబడినది మొదటి కారణము కానక్కరలేదు. వట్టి కడుపుతో మరల మరల వాంతి చేసికొన్నచో ఎవరికైనను వచ్చునది పసరే. వాంతితోనో నిద్రతోనో ముగియుట ఈ జాతి తలనొప్పికి గల నడక, అంతే.

చిన్ననాట మా తండ్రిగారు మాకు ఇంటనే అమరమును, కావ్యములను చెప్పుచు, నడుమ నడుమ వైద్యగ్రంథముల మాటలును చెప్పెడివారు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున పదునొకండు శిరోరోగములు లెక్కింపబడినవి. వానిలో సగము తలను చీల్చునట్లు వచ్చు నొప్పికి అర్ధావభేదకమని పేరు. ప్రొద్దు పొడుపుతో మొదలై, ఎండ ముదిరిన కొలది పెరిగి, ప్రొద్దు వాలగా తగ్గునది సూర్యావర్తము. గ్రీకులును తమ భాషలో సగము కపాలమను అర్థము వచ్చునట్లు దీనిని హెమిక్రేనియా యనిరి. ఆ మాటయే నోళ్ళలో నలిగి నేటి వైద్యుల మైగ్రేన్ అయినది. ఇరువురు ప్రాచీనులు ఒక్క బాధకు ఒక్క రీతినే పేరు పెట్టుట వింతగా నున్నది గదా! ఇరువురును దీనిని తలరోగములలోనే చేర్చిరి. మన వంటింటి వైద్యము దానిని కడుపునకు దించినది.

ఇంతకును మైగ్రేన్ అనగా నేమి? సామాన్యముగా ఇది నాలుగు గంటలు మొదలు మూడు దినముల వరకు నుండును. తరచుగా తల ఒక ప్రక్కనే నాడి కొట్టుకొనినట్లు కొట్టుకొనును. మెట్లెక్కినను, వంగి ఇల్లు ఊడ్చినను హెచ్చును. వెలుతురును, చప్పుడును సహింపరాదు. లేదా వికారము, వాంతి కలుగును. ఇట్టి దెబ్బలు ఐదైనను వచ్చినగాని వైద్యులు ఆ పేరు నిశ్చయింపరు. పురుషులకంటె స్త్రీలకు ఇది సుమారు మూడింతలు. తల్లికి ఉన్నచో బిడ్డలకు వచ్చుట కద్దు.

ఇది మెదడునందును, అచ్చటి నరములయందును పుట్టు వ్యాధి. అయినను కడుపు ఊరకుండదు. తలకును కడుపునకును నడుమ నరముల రాకపోకలు ఎడతెగక సాగుచుండును. తలనొప్పి వచ్చిన వేళ జీర్ణకోశము తన పనిని మందగింపజేయును. తిన్నది కదలక నిలిచిపోవును. త్రేనుపులు, ఉబ్బరము, వికారము అందువలన వచ్చినవే. మ్రింగిన బిళ్ళయు ఆ కడుపులోనే పడియుండి నెత్తురులో కలియుటకు ఆలస్యమగును. నొప్పి ముదిరిన పిమ్మట వేసికొన్న మందు పనిచేయలేదని మనము విసుగుకొనుట ఇందుచేతనే.

మరియొక చిక్కు గలదు. కొందరికి నొప్పి రాకకు ఒకనాడు ముందే ఆవులింతలు, విసుగు, మెడ పట్టివేయుట, ఏదో ఒకటి తినవలెనను కోరిక కలుగును. ఆ కోరికకు లోబడి రాత్రి ఆవకాయ కలుపుకొందుము. తెల్లవారి తల పగులును. “ఆవకాయ పైత్యము చేసినది” అందుము. నిజమునకు ఆవకాయ తినవలెననిపించుటయే రానున్న నొప్పికి తొలి గురుతు కావచ్చును. పాపము, ఆవకాయ నిరపరాధి!

ఇక మా కథ వినుడు. మాకు ఇరువదియవ యేట మొదలైనది. మా వారు బడిపంతులు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, పిల్లలకును వారికిని డబ్బాలు సర్ది, అత్తగారి మడి వంట ముగించి, వారు భోజనము చేసిన పిమ్మట మేము విస్తరి ముందు కూర్చుండునప్పటికి రెండు గంటలు కావచ్చును. అంతవరకు మా కడుపులో పడునది రెండు గ్లాసుల తేనీరు. ఏకాదశులకును, కార్తిక సోమవారములకును అదియును లేదు. తల నొచ్చినప్పుడెల్ల ఒక వైద్యుని యొద్దకు పోయి త్రేనుపులు, మంట అని చెప్పితిమి. ఆయన కడుపునకు మందిచ్చెను. మరియొకరి యొద్దకు పోయి తలనొప్పి అని చెప్పితిమి. ఆయన నొప్పి బిళ్ళ వ్రాసెను. ఆయనకు తల మాట చెప్పలేదు, ఈయనకు కడుపు మాట చెప్పలేదు. పిమ్మట చీటీ లేకయే అంగడిలో బిళ్ళలు కొనసాగితిమి. బిళ్ళ కడుపును కాల్చెను. మండు కడుపునకు అన్నము సహించదని భోజనము మానితిమి. భోజనము మానగా తల నొచ్చెను. తల నొచ్చినందున మరల బిళ్ళ. గానుగెద్దు వలె ఈ చుట్టునే తిరిగితిమి.

ఒకనాటి ఉదయము విరేచనము తారువలె నల్లగా నైనది. నూతి కడ నిలుచుండగానే కన్నులు చీకట్లు క్రమ్మి పడిపోతిమి. విశాఖపట్టణమునకు తీసికొనిపోయి గొట్టముతో చూడగా, కడుపులో పుండుపడి నెత్తురు కారుచున్నదని తేలినది. అచ్చటి వైద్యురాలు “నెలకెన్ని దినములు నొప్పి బిళ్ళ వేసికొందురమ్మా?” అని అడిగిరి. “ఐదారు” అంటిమి. మేము అబద్ధమాడలేదు, నిజముగా అట్లే తలచితిమి. మా వారు మారు పలుకక ఇంటికి పోయి, పోపులపెట్టె ప్రక్కనున్న రేకుడబ్బాలోని ఖాళీ అట్టలు లెక్కించి వచ్చిరి. ఆ ఒక్క నెలలో ఇరువదిరెండు బిళ్ళలు! వేసికొన్న దినములు పదునెనిమిదికి తక్కువ లేవు.

అప్పుడు తెలిసిన విషయము మీ రందరును తెలిసికొనవలసినది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలు జీర్ణకోశపు లోపొరను కాపాడు పదార్థమును శరీరమున తయారు కానీయవు. అందుచే పుండ్లు పడును. పారాసెటమాల్ కడుపు నంతగా కాల్చదు గాని, మితి తప్పినచో కాలేయమును చెరుచును. పెద్దవారికైనను దినమునకు 4 గ్రాములు దాటరాదు. బక్కపలుచని వారికిని, కాలేయపు జబ్బు గలవారికిని అంతకంటె తక్కువయే. ఇంతేకాదు. సామాన్యపు నొప్పి బిళ్ళ నెలకు 15 దినములు, పలు మందులు కలిసిన బిళ్ళ 10 దినములు, మూడు నెలలు మించి వాడినచో ఆ మందే తలనొప్పిని పుట్టించును. అప్పు తీర్చుటకు అప్పు చేసినట్లగును. వైద్యుల యెదుట మాన్పించినప్పుడు మొదటి రెండు వారములు నొప్పి హెచ్చును. మేము ఆ రెండు వారములు ఇల్లంతయు చీకటి చేసికొని పడియుంటిమి. పిదప నెమ్మదించెను.

వైద్యురాలు చెప్పిన రెండవ మాట లెక్క వ్రాయుమని. మా వారు బడి హాజరుపట్టీ వలె ఒక పుస్తకమున గళ్ళు గీసి యిచ్చిరి. తేది, నిద్రపోయిన గంటలు, మొదటి ముద్ద తిన్న వేళ, తల ముందా కడుపు ముందా, ఎండలో తిరిగినదియు లేనిదియు, బహిష్టు దినము, వేసికొన్న బిళ్ళ: ఇవియే గళ్ళు. రాత్రి దీపము ఆర్పుటకు ముందు రెండు నిమిషముల పని. మూడు నెలలు వ్రాసి చూడగా పదునొకండు నొప్పులలో ఎనిమిది, మధ్యాహ్నము దాటి తిన్న దినములందో ఉపవాస దినములందో వచ్చినవి. నాలుగు బహిష్టునకు ఒకటి రెండు దినములు ముందు వెనుకగా వచ్చినవి. పులుపునకును, ఆవకాయకును ఒక్కటియు చెందలేదు! పదునాలుగేండ్లు మేము నిందించినది ఒకదానిని, దోషము వేరొకదానిది.

ఉపవాసపు తలనొప్పి మన యిండ్లలోనే యున్నదని తలపకుడు. రంజాను మాసపు తొలి దినములలో మహమ్మదీయ సోదరీమణులును, తమ ప్రాయశ్చిత్త దినమున యూదులును ఇట్టి నొప్పిని పొందుట వైద్యులు గమనించి వ్రాసియున్నారు. కాఫీ, తేనీరు అలవాటుగలవారు వానిని హఠాత్తుగా మానినచో ఒక దినము తిరుగక మునుపే తలనొప్పియు, వికారమును పుట్టును. వ్రతము మానుమని మేము చెప్పము. పాలు, పండ్లు, నీరు గల ఉపవాసము శాస్త్రమునకు విరుద్ధము కాదు. రోగికి మినహాయింపు ఏ ధర్మమునందైనను గలదు.

తిండి వేళ మార్చుకొనుట మాకు మందుకంటె కష్టమైనది. మడి వంటకు ముందు కోడలు తినుట మా యింట లేదు. మొదట అత్తగారు ముఖము చిట్లించిరి. మా వారు ఆ గళ్ళ పుస్తకమును తెచ్చి వారి యెదుట చదివిరి. వారు విని, ఏమియు ననక లోనికి పోయిరి. మరునాటి ఉదయము ఏడు గంటలకు చోడి అంబలి గిన్నె తామే మా చేతికిచ్చి, “త్రాగి పొయ్యి ముట్టింపుము” అనిరి. నాటినుండి నేటివరకు ఆ గిన్నె తప్పలేదు. ఖరీదైన ఆహారమేదియు అక్కరలేదు. అంబలియో, చల్ది అన్నమో, తరవాణియో, ఎవరికి సరిపడునది వారు వేళకు పుచ్చుకొనవలెను. ఇప్పుడు మాకు నొప్పి రెండు నెలలకు ఒకటి రెండు మారులు వచ్చుచున్నది. బొత్తిగా పోలేదు, పోవునని చెప్పి మిమ్ము మోసపుచ్చము.

కడుపే మొదటి దోషియైన సందర్భములును గలవు. భోజనము చేయగానే, లేక పండుకొనగానే రొమ్ములో మంట, పుల్లని నీరు నోటికి వచ్చుట, పైకడుపున నొప్పి నిత్యము నుండి, తలనొప్పి అప్పుడప్పుడు మాత్రమే వచ్చినచో అది కడుపు సంగతి. హెలికోబాక్టర్ అను సూక్ష్మజీవి వలన పుండు పడవచ్చును. పరీక్షించి మందు వాడినచో నయమగును. ఒకే మనిషికి రెండును ఉండుటయు కద్దు. అందుకే వైద్యుని యొద్ద రెండు మాటలును ఒక్కచోటనే చెప్పవలెను. గళ్ళ పుస్తకము చేత నున్నచో ఆయనకు సగము పని తీరును.

సోంపేట సోదరి తన జాబులో మరియొక మాట వ్రాసినది. జీడితోటలో పనిచేసి వచ్చి ఒళ్ళునొప్పులకును, తలనొప్పికిని అంగడి బిళ్ళ దినదినము వేసికొందునని. అమ్మా! ఇది నీకు ప్రత్యేకముగా చెప్పుచున్నాము. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములు గల ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను ఆర్చినదో నీ వెరుగుదువు. దాని మూలకారణము ఇదియేనని శాస్త్రజ్ఞులు ఇంకను తేల్చలేదు. కాని నొప్పి బిళ్ళలు మూత్రపిండములకు నెత్తురు పారుటను తగ్గించునన్నది తేలిన సంగతి; ఎండలో చెమటోడ్చి నీరు చాలని దేహమునకు ఆ హాని హెచ్చు. ఈ వ్యాధి తొలినాళ్ళలో బాధ పెట్టదు. ఆకలి చచ్చుట, వికారము ముదిరిన పిమ్మట కనబడును. అప్పుడును మనము పైత్యమనియే అందుము. కావున బిళ్ళ మానుము. నెత్తురులో క్రియాటినిన్ పరీక్షయు, మూత్రపరీక్షయు, బి.పి.యు చూపించుకొనుము. పలాసలో 2023 డిసెంబరున ప్రారంభమైన మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి గలదు. నీకు విశాఖకు పరుగెత్తు పని లేదు.

పిల్లల సంగతి ఒకటి. బడిలో కడుపునొప్పి అని ఏడ్చు పిల్లవానిని బడిదొంగ యందురు. మా వారును ఒకప్పుడు అట్లే యనిరి. బొడ్డు చుట్టు నొప్పి, ముఖము పాలిపోవుట, అన్నము వలదనుట, వికారము కొన్ని గంటలుండి, తరువాత కొన్ని వారములు సుఖముగా నుండి మరల వచ్చుచున్నచో, తల్లికి మైగ్రేన్ గలదేమో విచారింపవలెను. చిన్నతనమున ఆ వ్యాధి కొందరికి కడుపునందే కనబడి, పెద్దయైన పిమ్మట తలకెక్కును. వేళకు తిండి, నిద్ర ఇచ్చుటయే మొదటి చికిత్స. అయినను ఇతర రోగము లేదని వైద్యుడు చెప్పిన పిమ్మటనే ఈ పేరు పెట్టవలెను.

నొప్పి వచ్చిననాడు చేయవలసినది స్వల్పమే. చీకటి గదిలో పండుకొనుట, నుదుట తడిగుడ్డ, కొంచెము కొంచెముగా నీరు. అల్లపు కషాయము వికారమును కొంత అణచును. 1893 లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో స్థాపించిన అమృతాంజనము నేటికిని మన యిండ్ల గూళ్ళలో నున్నది. అట్టి లేపనములు పైకి సుఖమిచ్చును. వైద్యుడు వ్రాసిన బిళ్ళ యున్నచో నొప్పి మొదలైన తొలి గంటలోనే వేసికొనవలెను. వాంతి నాపు మందు కూడ వలయునా యని వారినే అడుగుడు. నెలకు నాలుగు దినములు మించి నొప్పి వచ్చువారికి ముందుగా నడ్డగించు నిత్యపు మందులును గలవు. ఉబ్బసము, గుండెజబ్బు ఉన్నచో దాచక చెప్పవలెను. కొన్ని మందులు వారికి పనికిరావు.

ఇక, ఇల్లు విడిచి వెంటనే ఆసుపత్రికి పోవలసిన గురుతులు. పుట్టి యెరుగని నొప్పి పిడుగు వలె ఒక్కమారుగా వచ్చుట. జ్వరముతో మెడ వంగకుండుట. మాట తడబడుట, కాలు చేయి పడుట, మూర్ఛ. తలకు దెబ్బ తగిలిన పిమ్మట నొప్పియు వాంతులును. కన్ను ఎర్రబారి, దీపము చుట్టు రంగుల వలయములు కనబడుట. నల్లని విరేచనము, నెత్తుటి వాంతి. యాబదియేండ్లు దాటిన పిమ్మట క్రొత్తగా మొదలైన నొప్పియు ఉపేక్షింపరానిది. నొప్పికి ముందు కన్నుల యెదుట మెరుపు గీతలు పారు స్త్రీలు సంతాననిరోధపు బిళ్ళలు వేసికొనుటకు ముందు ఆ మాట వైద్యురాలికి చెప్పితీరవలెను. వానిలో కొన్ని వారికి పక్షవాతపు భయమును హెచ్చించును.

అన్నిటికంటె ముఖ్యమైనది కడపట వ్రాయుచున్నాము. మా పొరుగింటి అమ్మాయి ఏడవ నెలలో పుట్టింటికి వచ్చినది. ఒక సాయంకాలము తలనొప్పి, పైకడుపున నొప్పి, కన్నులు మసక అనినది. చుట్టు చేరిన మేమందరము “గ్యాసు” అంటిమి. ఒకరు వాము తెచ్చిరి, ఒకరు సోడా తెచ్చిరి. ఆ వీథినే పోవుచున్న ఏ.ఎన్.ఎమ్. లోనికి వచ్చి బి.పి. చూచి, మా చేతిలోని గ్లాసు లాగి క్రింద పెట్టి, 108 బండిని పిలిచినది. గర్భవాతమునకు దారితీయు రక్తపుపోటు అది. ఆ రాత్రియే బిడ్డను తీయవలసి వచ్చినది. తల్లియు, చేరెడు బిడ్డయు దక్కిరి. ఐదవ నెల నిండిన గర్భిణికిని, బాలింతకును తలనొప్పి, పైకడుపు నొప్పి, చూపు మసక కలిగినచో వామునకు సమయము లేదు. అన్ని శాస్త్రములు చదివితిమనుకొన్న మేము ఆనాడు వాము నూరుచు కూర్చుంటిమి! ఆ సిగ్గు మమ్ము ఇంకను విడువలేదు. ఈ జాబునకు అదియు ఒక కారణము.

సోదరీమణులారా! పైత్యమన్న మాట నిఘంటువులో నుండనిండు. కాని దానితో విచారణ ముగింపకుడు. ఏది ముందు వచ్చినది, ఎప్పుడు తింటిమి, ఎన్ని బిళ్ళలు మ్రింగితిమి అని మూడు ప్రశ్నలు వేసికొనుడు. పాలవాని లెక్కకు, చాకలి పద్దునకు పుస్తకమున్న ఇంటిలో ఇల్లాలి దేహమునకు ఒక పుట దొరకకపోదు. రేపటినుండి వ్రాయుడు. మూడు నెలలైన పిమ్మట మీ లెక్క ఏమి చెప్పినదో మాకును తెలుపుడు.